చక్కెర వేరు, గ్లూకోజు వేరు: షుగర్ పేషెంట్ ఉన్న ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి

ఇంట్లో పెద్దాయనకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రోజూ మాత్రలు వేసుకుంటారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. ఉన్నట్టుండి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. షుగర్ పడిపోయిందని కోడలు వెంటనే కనిపెట్టింది. వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించింది. చాలా ఇళ్లలో చేసేది ఇదే. చాలామందికి ఇది పనిచేస్తుంది కూడా. కానీ కొందరికి పావుగంట గడిచినా వణుకు తగ్గదు, మగత పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి ఇంకో గ్లాసు చక్కెర నీళ్లు కలుపుతారు.

తాగింది తీపే. కడుపులోకి వెళ్లిందీ నిజమే. మరి రక్తంలో షుగర్ ఎందుకు పెరగలేదు? జవాబు ఆ పెద్దాయన వేసుకున్న మాత్రలోనే ఉండొచ్చు. అది అర్థం కావాలంటే ముందు ఒక చిన్న సంగతి తెలియాలి. మనం చక్కెర అని పిలిచేదీ, రక్తపరీక్షలో షుగర్ అని రాసేదీ ఒకటి కాదు. మొదటిది జంట, రెండోది ఒంటరి. ఆ జంట విడిపోతే తప్ప రక్తంలోకి పోలేదు.

కలిస్తే నీరు బయటికి, విడితే నీరు లోపలికి

రక్తంలో తిరిగే షుగర్ పేరు గ్లూకోజు. ఇది చాలా చిన్న అణువు. అందులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. కార్బన్ బరువు 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అని బడిలో చదివిన లెక్క ప్రకారం కూడితే గ్లూకోజు బరువు 180 వస్తుంది. పండ్లలో, తేనెలో ఉండే ఫ్రక్టోజు బరువు కూడా సరిగ్గా అంతే. పరమాణువులు అవే, అమరిక మాత్రం వేరు.

ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు చేయి కలిపితే వచ్చేదే మన డబ్బాలోని చక్కెర. శాస్త్రవేత్తలు దాన్ని సుక్రోజు అంటారు. 180కి 180 కలిపితే 360 రావాలి. కానీ చక్కెర అణువు బరువు 342 మాత్రమే. మిగతా 18 ఎక్కడికి పోయింది?

18 అంటే ఒక నీటి అణువు బరువు. రెండు చిన్న అణువులు కలిసేటప్పుడు ఒకటి హైడ్రోజన్‌ను, రెండోది హైడ్రోజన్, ఆక్సిజన్‌ల జంటను వదులుకుంటాయి. ఆ వదిలినవి కలిసి నీరవుతాయి. ఖాళీ అయిన చోట రెండూ అతుక్కుంటాయి. మళ్లీ విడదీయాలంటే ఆ నీటిని తిరిగి ఇవ్వాలి. అంటే 342 గ్రాముల చక్కెర పూర్తిగా విడిపోతే, 18 గ్రాముల నీటిని తనలో కలుపుకొని 360 గ్రాములవుతుంది.

ఇది చక్కెరకే పరిమితమైన లెక్క కాదు. బియ్యంలోని పిండి పదార్థం అంటే వందలు, వేల గ్లూకోజులు తస్బీహ్ పూసల్లా వరుసగా కలిసినది. తేడా ఏమిటంటే ఇక్కడ దారం ఉండదు, పూసకు పూస నేరుగా అతుక్కుంటుంది. మాంసం, పప్పు, గుడ్డులోని ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే 20 రకాల పూసలు కలిసిన గొలుసు. నెయ్యి, నూనె అంటే గ్లిజరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న రూపం. వీటన్నిటి లెక్కా ఒకటే. ఒక్కో అతుకుకు ఒక్కో నీటి అణువు బయటికి. ఒక్కో అతుకు తెగాలంటే ఒక్కో నీటి అణువు లోపలికి.

పాకంలో నిమ్మరసం ఎందుకు?

ఇది పుస్తకంలోనే ఉండే విషయమేమీ కాదు. డబుల్ కా మీఠా చేసే ఇంట్లో అందరికీ తెలిసిందే. చక్కెర పాకం కాగేటప్పుడు రెండు చుక్కల నిమ్మరసం పిండుతారు. అడిగితే పాకం గడ్డకట్టకుండా అంటారు. అలా ఎందుకు ఆగుతుంది?

చక్కెరను నీళ్లలో కలిపినంత మాత్రాన అది విడిపోదు. చుట్టూ ఎంత నీరున్నా గ్లూకోజు, ఫ్రక్టోజుల జంట గట్టిగానే ఉంటుంది. నిమ్మరసంలోని ఆమ్లం, పొయ్యి వేడి తోడైతే అప్పుడు నీరు ఆ అతుకులోకి దూరుతుంది. కొంత చక్కెర గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. చల్లారేటప్పుడు పలుకు కట్టాలంటే ఒకే రకం అణువులు వరుసగా పేర్చుకోవాలి. మూడు రకాలు కలిసిపోయి ఉంటే ఆ వరుస కుదరదు. అందుకే పాకం జారుడుగా ఉండిపోతుంది.

తేనెటీగ ఈ పనే నిమ్మకాయ లేకుండా, పొయ్యి లేకుండా చేస్తుంది. పూల మకరందంలోని చక్కెరను తన నోటి రసంతో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడదీసి తేనె చేస్తుంది. మెత్తటి రకం ఖర్జూరం పండేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కాయ మాగుతుండగా అందులోని చక్కెర చాలావరకు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. తేనెటీగకూ ఖర్జూరానికీ వేడి అక్కర్లేదు. ఎందుకంటే వాటి దగ్గర కత్తెర ఉంది.

పచ్చి బొప్పాయిలో దాగిన కత్తెర

ఆ కత్తెర పేరు ఎంజైమ్. ఇదీ ఒక ప్రోటీనే. కానీ ఒక్కో ఎంజైమ్ ఒక్కో రకం అతుకునే గుర్తుపట్టి, అక్కడికి నీటిని చేర్చి తెంచుతుంది. పని అయ్యాక తాను అరిగిపోదు, ఇంకో అతుకు దగ్గరికి వెళ్తుంది.

కబాబ్‌కు మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి నూరి కలుపుతారు. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసంలోని ప్రోటీన్ గొలుసులను ముక్కలుగా తెంచుతుంది. అందుకే గట్టి మాంసం కూడా మెత్తబడుతుంది. ఎక్కువసేపు వదిలేస్తే పిండిలా అయిపోతుందని వంట తెలిసినవాళ్లు హెచ్చరిస్తారు. కత్తెరకు తనంతట తానుగా ఆగడం తెలియదు కదా. బొప్పాయి ముక్కల్ని ముందే ఉడికించి కలిపితే మాత్రం ఏ ఫలితమూ ఉండదు. వేడికి ఎంజైమ్ ఆకారం చెడిపోతుంది. ఆకారం చెడితే కత్తెర తెగదు.

ఈ కత్తెర విలువ ఎంతో తెలియాలంటే అది లేకపోతే ఏమవుతుందో చూడాలి. మామూలు వేడిలో, ఆమ్లం, ఎంజైమ్ ఏవీ లేని నీటిలో రెండు అమైనో ఆమ్లాల మధ్య అతుకు తనంతట తాను తెగడానికి వందల సంవత్సరాలు పడుతుంది. మన పేగుల్లో అదే పని కొన్ని గంటల్లో ముగుస్తుంది. నీరు అన్నిచోట్లా ఉంది. దాన్ని సరైన చోటికి చేర్చే చేయి మాత్రం అరుదు. మన ఒళ్లు నీటిలోనే నానుతూ కూడా కరిగిపోకుండా నిలబడేది ఇందుకే. ఏ అతుకు ఎప్పుడు తెగాలో ఎంజైమ్‌లు నిర్ణయిస్తాయి.

అన్నం నోట్లోనే తీపెక్కుతుంది

ఏ కూరా లేకుండా ఒక ముద్ద తెల్లన్నం నోట్లో పెట్టుకొని, మింగకుండా రెండు నిమిషాలు నములుతూ ఉండండి. మెల్లగా తీపి తెలుస్తుంది. ఎవరూ చక్కెర కలపలేదు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండి గొలుసును తెంచి, రెండు గ్లూకోజుల జంటలను బయటికి తీసింది. ఆ జంట పేరు మాల్టోజు. పిల్లలతో ఇంట్లోనే చేయించదగ్గ ప్రయోగం ఇది.

ముద్ద కడుపులోకి జారాక ఆమ్లం ధాటికి నోటి కత్తెర పని ఆగిపోతుంది. చిన్నపేగులోకి వచ్చాక క్లోమగ్రంథి పంపే అమైలేజ్ మళ్లీ పని అందుకుంటుంది. ఆఖరి కోత మాత్రం చిన్నపేగు గోడ మీద జరుగుతుంది. అక్కడ నాటుకొని ఉన్న ఎంజైమ్‌లు మిగిలిన జంటలను, చిన్న ముక్కలను ఒంటరి గ్లూకోజులుగా విడదీస్తాయి. చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా తెంచే కత్తెరా అక్కడే ఉంది. పేగు గోడ ఒంటరి అణువునే లోపలికి రానిస్తుంది. జంటకు ఆ తలుపు తీయదు. మొదట చెప్పుకున్న చక్కెర నీళ్ల చిక్కుముడి ఇక్కడే ఉంది. కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికే వద్దాం.

పాలు పడనివారి సమస్య కూడా ఈ తలుపు దగ్గరిదే. పాలలోని చక్కెర లాక్టోజు. అది గ్లూకోజు, గాలక్టోజు అనే రెండింటి జంట. దాన్ని తెంచే లాక్టేజ్ ఎంజైమ్ పసిపిల్లల్లో పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. తెగని లాక్టోజు పెద్దపేగులోకి చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. కడుపుబ్బరం, విరేచనాలు దాని ఫలితమే. పెరుగులో సూక్ష్మజీవులు కొంత లాక్టోజును ముందే వాడేసుకుంటాయి. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడేది అందుకే.

గడ్డిలోని సెల్యులోజు కూడా గ్లూకోజు గొలుసే. కానీ పూసలు అతుక్కున్న తీరు వేరు. ఆ అతుకుకు సరిపోయే కత్తెర మనిషి ఒంట్లో లేదు. మేక కడుపులోని సూక్ష్మజీవుల దగ్గర ఉంది. అందుకే మేక గడ్డి తిని బతుకుతుంది, మనం తింటే అది పీచుగా బయటికి పోతుంది.

ఇన్సులిన్‌ను మింగితే ఎందుకు పనిచేయదు?

షుగర్ ఉన్నవారి ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. రోజూ సూది ఎందుకు, మాత్ర ఇవ్వొచ్చుగా అని. ఇన్సులిన్ కూడా ప్రోటీనే. 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా ఉంటాయి, ఒకదాంట్లో 21, ఇంకోదాంట్లో 30. దాన్ని మామూలు మాత్రలా మింగితే కడుపు, పేగులు దానికీ మాంసం ముక్కకూ తేడా చూడవు. అక్కడి ఎంజైమ్‌లు దాన్ని ముక్కలు చేసేస్తాయి. చెవిలో సమాచారం చెప్పాల్సిన దూతను గుమ్మంలోనే ఆపేసినట్టు. అందుకే చర్మం కింద సూదితో ఇచ్చి కత్తెరలను తప్పిస్తారు.

ఇన్సులిన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది ఉందో కనిపెట్టింది బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్ సాంగర్. ఆయన చేసిన పని కూడా తెంచడమే. ఆమ్లంతో కొన్ని, ఎంజైమ్‌లతో కొన్ని ముక్కలు చేసి, ఒకదాని కొస ఇంకోదానితో ఎక్కడ కలుస్తోందో చూసి మొత్తం వరుసను పేర్చాడు. ప్రోటీన్‌లో పూసల వరుసకు ఒక కచ్చితమైన క్రమం ఉంటుందని అలా రుజువైంది. ఆ పనికి 1958లో నోబెల్ బహుమతి వచ్చింది.

రోజా వేళ కాలేయం చేసే పని

తిన్న వెంటనే వచ్చిన గ్లూకోజు అంతా అప్పటికప్పుడు ఖర్చవదు. ఇన్సులిన్ కబురు అందగానే కాలేయం, కండరాలు మిగులు గ్లూకోజును మళ్లీ గొలుసుగా కలిపి దాచుకుంటాయి. ఆ గొలుసు పేరు గ్లైకోజన్. ఎందుకు కలపాలి, విడిగానే దాచుకోవచ్చుగా అనిపించొచ్చు. ఒంటరి గ్లూకోజులు కణంలో కుప్పపడితే అవి నీటిని విపరీతంగా లోపలికి లాగుతాయి, కణం ఉబ్బిపోతుంది. వేలకొద్దీ గ్లూకోజులు ఒకే పెద్ద అణువుగా కలిస్తే ఆ ప్రమాదం ఉండదు. బియ్యం గింజలు నేల మీద చల్లకుండా బస్తాలో కట్టిపెట్టినట్టు.

బాగా తిన్న మనిషి కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజన్ ఉంటుంది. కండరాల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది కానీ దాన్ని కండరాలు తమకోసమే వాడుకుంటాయి, రక్తంలోకి వదలవు. రక్తంలోకి గ్లూకోజు పంపే బాధ్యత ప్రధానంగా కాలేయానిది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుతుంది మరి.

సహరీ తిన్న కొన్ని గంటలకు పేగుల నుంచి వచ్చే గ్లూకోజు ఆగిపోతుంది. అప్పుడు కాలేయం తన గొలుసు కొసల నుంచి ఒక్కో గ్లూకోజును విడదీస్తూ రక్తంలోకి వదులుతుంది. ఇక్కడ ఒక చిన్న మార్పుంది. గ్లైకోజన్ అతుకును ప్రధానంగా తెంచేది నీరు కాదు, ఫాస్ఫేటు. ఆ తర్వాత గ్లూకోజుకు అంటుకున్న ఆ ఫాస్ఫేటును వదిలించడానికి మళ్లీ నీరే వస్తుంది. ఈ సంగతిని కనిపెట్టిన భార్యాభర్తలు కార్ల్ కోరీ, గెర్టీ కోరీ. 1947లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. గ్లైకోజన్ తగ్గేకొద్దీ ఒళ్లు కొవ్వును కాల్చడం పెంచుతుంది, కాలేయం ఇతర పదార్థాల నుంచి కొత్త గ్లూకోజు తయారుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి 13, 14 గంటల ఉపవాసాన్ని ఇలా నెట్టుకొస్తాడు.

షుగర్ ఉన్నవారి లెక్క వేరు. ఇన్సులిన్ సూది తీసుకునేవారిలో, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారిలో, తిన్నా తినకపోయినా ఇన్సులిన్ పని సాగుతూనే ఉంటుంది. అది కాలేయానికి దాచిపెట్టు అని చెబుతుందే తప్ప వదులు అని చెప్పదు. లోపల సరుకున్నా గోదాము తలుపు మూసే ఉంటుంది. షుగర్ పడిపోయేది అలాగే.

భీమవరం కుర్రాడు పట్టుకున్న అణువు

ఈ కలపడం, తెంచడం అంతటికీ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో, కండరాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు మార్పుతో కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ ఇద్దరి పేరుతోనే ఆ పద్ధతి నేటికీ ప్రసిద్ధి. దాంతో వెతుకుతూ కండరాల్లో ఏటీపీ అనే అణువును గుర్తించి 1929లో ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

ఏటీపీకి చివర మూడు ఫాస్ఫేటులు వరుసగా అతుక్కుని ఉంటాయి. నీరు చేరి చివరిది ఊడినప్పుడు కణానికి వాడుకోదగ్గ శక్తి దొరుకుతుంది. అతుకు తెగితే శక్తి పుడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఏ అతుకు తెంచాలన్నా ఖర్చే. పక్కపక్కనే ఇరుక్కుని ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న ఫాస్ఫేటులు విడిపోయి నీటితో కొత్త పొత్తు కుదుర్చుకున్నప్పుడు, ఆ ఖర్చు పోను మిగిలేదే మనకు దొరికే శక్తి.

చుట్టూ నీరే ఉన్న చోట, నీటిని బయటికి నెట్టి రెండు అణువులను కలపడం ఎదురీత లాంటిది. గ్లూకోజును గ్లైకోజన్ గొలుసులో చేర్చాలన్నా, అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్‌లో చేర్చాలన్నా కణం ముందుగా ఏటీపీ లాంటి అణువులతో మూల్యం చెల్లించాల్సిందే. ఊడిన ఫాస్ఫేటును తిరిగి అతికించడానికే మనం తినే తిండి, పీల్చే గాలి.

పిలవకుండా అతుక్కునే గ్లూకోజు

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ ఎంజైమ్‌ల అదుపులో జరిగేవి. ఎవరూ పిలవకుండా జరిగే కలయిక కూడా ఒకటుంది. బిర్యానీ మీదికి ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తే వచ్చే రంగు, వాసనల్లో చాలా భాగం చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి అతుక్కోవడం వల్ల వచ్చినవే. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతో దీన్ని పిలుస్తారు.

ఒంట్లో అంత వేడి లేదు, కానీ సమయం ఉంది. రక్తంలోని గ్లూకోజు ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు మెల్లగా అతుక్కుంటుంది. ఇక్కడా మొదటి మెట్టులో ఒక నీటి అణువు బయటికి పోతుంది. అప్పటికి అది సులువుగా విడిపోగలదు. కొంతకాలానికి అతుకు రూపు మార్చుకుంటుంది, ఇక విడదు. గ్లూకోజు ఎంత ఎక్కువుంటే, ఎన్ని రోజులుంటే అతుకులు అన్ని ఎక్కువ. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఈ అతుకులు లెక్కపెడితే గత రెండు, మూడు నెలల షుగర్ చరిత్ర తెలుస్తుంది. డాక్టర్లు రాసే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇదే. షుగర్ ఉన్నవారిలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువని 1960ల చివర్లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో సామ్యుయేల్ రహ్బర్ గమనించారు.

ఈ అంకె 5.7 శాతం కంటే తక్కువైతే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక, 6.5 లేదా అంతకు మించితే షుగర్ వ్యాధిగా లెక్క. పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేస్తే ఈ రిపోర్టు మారదు. పాత అతుకులు ఎక్కడికీ పోవు కదా. అయితే రక్తహీనత, తలసేమియా లాంటివి ఉన్నా, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా ఈ అంకె తప్పు చెప్పొచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మళ్లీ ఆ చక్కెర నీళ్ల దగ్గరికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సులువు. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు పేగు గోడ మీది కత్తెరలకు అడ్డుపడతాయి. పిండి పదార్థం, చక్కెర నెమ్మదిగా విడిపోతాయి. కాబట్టి తిన్న తర్వాత షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. మంచి ఉపాయమే. ఈ మందు ఒక్కటే వాడితే షుగర్ పడిపోయే ప్రమాదం పెద్దగా ఉండదు. కానీ మన దగ్గర గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిపిన మాత్రలు దొరుకుతున్నాయి. గ్లిమిపిరైడ్ వల్ల షుగర్ పడిపోతే, వోగ్లిబోస్ వల్ల చక్కెర త్వరగా విడిపోదు. ఇంట్లోవాళ్లు తాగించిన చక్కెర జంటగానే పేగులో ఎదురుచూస్తుంటుంది.

అలాంటివారికి కావాల్సింది గ్లూకోజు. అది అప్పటికే ఒంటరి అణువు, దానికి కత్తెరతో పనిలేదు. నేరుగా పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడి ప్యాకెట్ ఈ ఒక్క కారణానికి ఇంట్లో ఉండి తీరాలి.

ఇంట్లో చేయాల్సింది

ముందుగా మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి మందుల పేర్లు చదవండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు. అందులో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. గ్లూకోజు పొడి ఎక్కడుందో పిల్లలకు కూడా తెలియాలి. బయటికి వెళ్లేటప్పుడు పెద్దవాళ్ల జేబులో, సంచిలో చిన్న పొట్లం పెట్టండి.

వణుకు, చెమటలు, గుండెదడ, తికమక మొదలైతే వీలుంటే వెంటనే వేలి రక్తంతో పరీక్షించాలి. 70 కంటే తక్కువుంటే సుమారు 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. యంత్రం అందుబాటులో లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా గ్లూకోజు ఇచ్చేయడమే మేలు. ఈ రెండు మందులూ వాడనివారికి గ్లూకోజు లేనప్పుడు చక్కెర నీళ్లయినా ఇవ్వొచ్చు. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రోజా ఉండాలనుకునే షుగర్ పేషెంట్లు రమజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టరును కలవాలి. ఏ మాత్ర ఏ పూటకు మార్చాలి, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి అన్నది ఎవరికి వారు ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. కొందరికి అసలు ఉండవద్దని చెప్పాల్సి రావచ్చు. రోగులకు మినహాయింపు ఉందన్నది ఈ ఇళ్లలో ఎవరికీ కొత్త సంగతి కాదు. రోజాలో ఉండగా షుగర్ 70 కంటే కిందికి పడినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇఫ్తార్‌కు ఇంకో అరగంటే ఉంది కదా అని ఆగకూడదు.

ఒక నీటి అణువు బరువు 18. కంటికి కనిపించదు, చేతికి తగలదు. కానీ అది సరైన అతుకులోకి చేరిందా లేదా అన్న దాని మీదే ముద్ద అన్నం శక్తిగా మారడం, పాలు అరగడం, పెద్దాయన చేతుల వణుకు ఆగడం ఆధారపడి ఉన్నాయి. ఈరోజే ఆ మాత్రల స్ట్రిప్ ఒకసారి తిప్పి చూడండి.